నువ్వు పిల్లలకు చెబుతున్న కథ

అప్పెంజెల్,
మార్చి 5, ఆదివారం.

అమ్మా ప్రిస్కా,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వక్కడ బేసెల్‌లో బాగున్నావని నీ ఉత్తరమే చెప్పింది. మామూలుగా ఈ మాట రాశాక నా కలం దానంతటదే మంచు మీదికీ ఎండ మీదికీ పోతుంది. ఈసారి పోనివ్వను. అయినా ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాసేస్తాను.

అమ్మ మోకాలు కాస్త నయం. డాక్టరు మెట్లెక్కడం తగ్గించమన్నాడట. "ఈ కొండల్లో మెట్లు తగ్గించాలంటే మంచం మీదే ఉండిపోవాలి, ఆ మందు మీ దగ్గరే ఉంచుకోండి" అని ఆయన మొహం మీదే అనేసి వచ్చింది. గురువారం గురువారం చర్చి పాటల సాధనకు నడిచే వెళ్తోంది. పడమటి వైపు ఇంటికప్పు చెక్కపలకలు మార్పించాను. నేను ఎక్కలేదు, తిట్టకు. కింద నిలబడి పైవాళ్ళ పనికి వంకలు పెట్టానంతే. పెదనాన్నను బుధవారం చూసి వచ్చాను. ఆయన సంగతి కింద రాస్తాను.

ఇక అసలు విషయం. నీ తరగతిలో జరిగిన గొడవ గురించి రాసిన పేజీని నాలుగుసార్లు చదివాను. చిరుతిళ్ళు తిన్నాక బల్లలు తుడిచే వంతు అబ్బాయిలకు వస్తే "అది అమ్మాయిల పని" అన్నారనీ, ఎలోడీ అనే పిల్ల కూడా "మా ఇంట్లో అంతే టీచర్" అని వాళ్ళనే సమర్థించిందనీ రాశావు. నువ్వు కోప్పడకుండా, ఏటా చెప్పే కథే వాళ్ళకూ చెప్పావు. నీ పదో ఏట మీ నాన్న ఏప్రిల్ సభలో, చుట్టూ ఉన్న మగవాళ్ళంతా వద్దంటున్నా, అమ్మకు ఓటు కావాలని చెయ్యెత్తిన కథ. కథ అయ్యాక పిల్లలందరూ "మేమైనా ఎత్తేవాళ్ళమే" అని అరిచారు. ఎలోడీ మాత్రం "మీ నాన్నకి భయం వెయ్యలేదా?" అని అడిగింది. "మా నాన్న భయపడే రకం కాదు" అన్నావు. ఈ నెల ఇరవై ఒకటిన నేనే వచ్చి, ఆ రోజు సంగతి నా నోటితో చెప్పాలని అడిగావు. పావుగంట చాలన్నావు.

ఫోను చేసి చెప్పొచ్చు. కానీ ఫోనులో నేను "ఆఁ", "ఊఁ", "ఉండు, అమ్మకిస్తున్నా" తప్ప ఏమీ అనలేనని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. కాస్త కూర్చుని చదువు.

ఆ ఏడాది, 1990లో, మీకు హెడ్‌విగ్ టీచరు వచ్చింది. పొట్టి జుట్టు, మగవాళ్ళు తొక్కే సైకిలు, దారిలో ఎవరు కనబడినా నిలబడి చెయ్యి కలపడం. ఊళ్ళో పెద్దవాళ్ళకు ఆమె పెద్దగా నచ్చలేదు. మీ పిల్లలకు మాత్రం ఆమే లోకం. "ఏప్రిల్లో మీ నాన్నలంతా చౌకులో సభ పెడతారు కదా, మనమూ తరగతిలో ఒక సభ పెడదాం" అందట. మన దగ్గర ఓటున్నవాడి గుర్తు నడుముకు వేలాడే కత్తే కాబట్టి, ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ తలా ఒక చెక్కకత్తి తెచ్చుకోవాలంది.

నువ్వు సరాసరి మా వడ్రంగి వర్క్‌షాపుకి పరిగెత్తుకొచ్చావు. పెదనాన్న బాప్టిస్ట్ రంపం మిషను దగ్గరున్నాడు.

"నాన్నా, నాకు కత్తి కావాలి."

"ఆడపిల్లకి కత్తెందుకే?" అన్నాడు పెదనాన్న. "ఉల్లిపాయలు తరుగుతావా?"

"ఓటెయ్యడానికి పెదనాన్నా."

మిషను ఆపేసి మరీ నవ్వాడాయన. నేనూ నవ్వాను. అయినా ఆ సాయంత్రం ఒక్కణ్ణీ ఉండిపోయి, మిగిలిన దేవదారు చెక్కతో నీకు కత్తి చేశాను. పిడి మీద నీ పేరు చెక్కాను. ఆ మాత్రం ధైర్యం నాకుండేది. నలుగురూ వెళ్ళిపోయాక పనిచేసే ధైర్యం.

మీ సభలో ప్రశ్న, విరామంలో బడి మైదానం మొత్తం అబ్బాయిల బంతాటకే పోవాలా, సగం అమ్మాయిలకివ్వాలా అని. నువ్వు బెంచీ ఎక్కి మాట్లాడావట. గెలిచారు. ఇంటికొచ్చి నోట్లో ముద్ద పెట్టుకునే చెప్పావు.

"అబ్బాయిలు కూడా ఎత్తారు నాన్నా! ముగ్గురు! మిగతావాళ్ళు ఎంత వెక్కిరించినా చెయ్యి దించలేదు!"

ఆ తర్వాత ముద్ద మింగి అడిగావు. "నువ్వు అమ్మ కోసం ఎత్తుతావు కదా?"

దేశం మొత్తానికి జరిగే ఓటింగులో అమ్మ అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా చీటీ వేస్తూనే ఉంది. మన చిన్న రాష్ట్రం, ఈ కాంటన్ సంగతుల్లో మాత్రం, అంటే ఎవరు పెద్దగా ఉండాలి, ఏ రోడ్డు ఎటు పోవాలి అనేవాటిల్లో, ఆమెకు మాట లేదు. అంతకుముందు రెండుసార్లు అడిగితే మగవాళ్ళం వద్దన్నాం. ఆ ఏప్రిల్లో మళ్ళీ అడగబోతున్నారు.

"ఎత్తుతాను" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

అమ్మ ప్లేటులోంచి తలెత్తలేదు. కానీ విన్నదని నాకు తెలుసు. నేను నీ నోరు మూయించడానికి అన్న మాట కాదది ప్రిస్కా. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నల్ల కోటు వేసుకుని, తాత కత్తి నడుముకు పెట్టుకుని చౌకుకు వెళ్ళాను. తాడు కట్టిన వలయం లోపల మగవాళ్ళం భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. నా ఎడమ పక్క అన్నయ్య, ముందు కమ్మరి, వెనక మనం పాలు పోయించుకునే ఇంటాయన. అందరూ రోజూ చూసే మొహాలే. మాట్లాడాలనుకున్నవాళ్ళు మెట్లెక్కి మాట్లాడారు. చివరికి కాంటన్ పెద్ద, ఆడవాళ్ళకు ఓటు కావాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

అక్కడక్కడ చేతులు లేచాయి. నా చెయ్యి కోటు జేబులోంచి బయటికొచ్చింది. అంతవరకూ నిజం, నమ్ము. ఛాతీదాకా వచ్చింది. అప్పుడు అన్నయ్య ఇటు తిరగకుండానే అన్నాడు.

"ఏరా ఎమిల్, చంక దురద పెడుతోందా?"

కమ్మరి పకపకా నవ్వాడు. వెనకాయనా నవ్వాడు. నేనేం చేశానో తెలుసా? గోక్కున్నాను. ముప్పైఎనిమిదేళ్ళవాణ్ణి, నడుముకు కత్తి పెట్టుకుని నిలబడ్డవాణ్ణి, నిజంగానే దురద పుట్టినట్టు కోటు మీదనుంచే చంక గోక్కున్నాను. చెయ్యి దించేసుకున్నాను.

ఏటా చేసినట్టే ఆ రోజు కూడా అంగట్లో బాదంముద్ద పెట్టిన తేనెరొట్టె కొన్నాను. నువ్వు గేటు దగ్గర ఒంటికాలి మీద గెంతుతూ ఉన్నావు.

"ఎత్తావా నాన్నా?"

"ఎత్తాను తల్లీ. కానీ మనం ఓడిపోయాం."

'మనం' అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి. నువ్వు నా నడుము చుట్టూ చేతులేసి "పర్లేదు నాన్నా, నువ్వు ఎత్తావుగా" అన్నావు. నన్ను ఓదార్చావు.

మర్నాడే నువ్వు బళ్ళో చెప్పావు. రెండు రోజుల తర్వాత హెడ్‌విగ్ టీచరు దారిలో సైకిలు ఆపి నాతో చెయ్యి కలిపింది. "మీలాంటివాళ్ళు ఇంకొంతమంది ఉంటే చాలు ఎమిల్‌గారూ" అంది. నేను ఆమె చేతిలో చెయ్యి పెట్టి తలూపాను. ఆ వేసవిలో ఆమె వేరే ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు.

ఆ నవంబరులో దేశం పెద్దకోర్టు తీర్పు చెప్పింది. మగవాళ్ళు వద్దన్నా కావాలన్నా ఆడవాళ్ళకు హక్కుందని. మరుసటి ఏప్రిల్లో అమ్మ వలయంలోకి వచ్చింది. ఇంక ఆ ఏడాది ఎవడు చెయ్యెత్తాడో ఎవడు ఎత్తలేదో ఎవరికీ అక్కర్లేదు, నా అబద్ధం దానంతటదే మాసిపోతుంది అనుకున్నాను. నువ్వు టీచరువవుతావనీ, దాన్ని ఏటా కొత్త పిల్లలకు చెబుతావనీ అప్పుడు నాకేం తెలుసు? నువ్వు టీచరుగా చేరి పంతొమ్మిదేళ్ళయింది. ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటావో లెక్క వెయ్యబోయి మానేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు వంటింట్లో కూర్చుని అమ్మకు చదివి వినిపించాను. తను యాపిల్ పళ్ళు తరుగుతోంది. అంతా విని అడిగింది.

"వెళ్తావా?"

"పిలిచింది కదా, వెళ్ళాలిగా."

"వెళ్ళి ఏం చెప్తావు?"

"అదే, జరిగింది."

"ఏది జరిగింది ఎమిల్?"

కత్తి ఆగింది. తలెత్తి నన్నే చూస్తోంది. ముప్పైమూడేళ్ళలో ఆమె ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. నేను అప్పుడు చెప్పాను.

"అగాతా, ఆ రోజు నేను చెయ్యెత్తలేదు."

ఒక ముక్క నోట్లో వేసుకుని తాపీగా నమిలింది.

"ఎత్తావు" అంది.

"లేదు, నిజంగా ఎత్తలేదు. ప్రిస్కాకి అబద్ధం…"

"రెండోసారి ఎత్తావు. వద్దనేవాళ్ళు ఎత్తండి అన్నప్పుడు. మా చిన్నత్త వాళ్ళ మేడ కిటికీలోంచి చూస్తున్నాను. మీ అన్న గడ్డం పక్కనే నువ్వు. కుడిచెయ్యి. చూపుడు వేలికి కట్టు. ముందురోజు ఉలి తగిలితే నేనే కట్టాను కదా, నా కట్టు నాకు తెలీదా?"

ఇదీ తల్లీ, పైన నేను రాయకుండా దాటేసింది. చంక గోక్కోవడం దాకా రాసి, అక్కడినుంచి తేనెరొట్టె దగ్గరికి దూకేశాను. మధ్యలో ఇది ఉంది. కాంటన్ పెద్ద రెండో ప్రశ్న అడిగాడు. చుట్టూ అన్ని చేతులూ లేచాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎవరూ నావైపు చూడలేదు కూడా. నా చెయ్యి లేచింది. ఈసారి మధ్యలో ఆగలేదు, ఎవరూ నవ్వలేదు. చాలా తేలిగ్గా లేచింది. నన్ను ఇన్నేళ్ళు తొలిచింది ఆ తేలికే.

అమ్మను అడిగాను, ఇంతకాలం ఎందుకు చెప్పలేదని.

"ఎవరికి చెప్పాలి? నీకా? నీకు తెలుసుగా."

"ప్రిస్కాకి."

"మర్నాడు అది బడికి ఎలా నడిచి వెళ్ళిందో నువ్వు చూడలేదు, పనికి పోయావు. నేను గుమ్మంలోంచి చూశాను. వీధి మొత్తం తనదే అన్నట్టు నడిచింది. దాని దగ్గర్నుంచి ఆ నాన్నని నేనెలా లాక్కోను?" మళ్ళీ కత్తి తీసుకుంది. "అలాగని నీ మీద కోపం లేదనుకోకు. ఆ ఏడాదంతా నీ చొక్కా ఒక్కటీ ఇస్త్రీ చెయ్యలేదు."

"అవునా?"

"చూశావా? నీకది కూడా తెలీలేదు."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంకొకటి కూడా అంది. "నన్ను లోపలికి రానిచ్చిన మొదటి సభలో నీ పక్కన నిలబడలేదు, గుర్తుందా?"

"పాటలవాళ్ళతో నిలబడ్డావు. స్నేహితురాళ్ళు కదా, సరదాపడ్డావనుకున్నాను."

"నీ చెయ్యి ఎటు లేస్తుందో దగ్గరుండి చూడబుద్ధి కాలేదు."

లేచి వెళ్ళి ఆమె ముందున్న గిన్నెలు కడిగాను. కడుగుతుంటే, ఇది కూడా చేతులకు పని చెప్పి తప్పించుకోవడమే కదా అనిపించింది.

బుధవారం వృద్ధాశ్రమానికి వెళ్ళాను. నీకు రాసేముందు అన్నయ్యతో ఒక మాట అనాలనిపించింది. నిజం చెప్పాలంటే, ఆయన్ని నాలుగు అనాలనే వెళ్ళాను. ఇన్నేళ్ళూ నా లోపల ఆ తప్పులో సగం ఆయన పేరు మీదే ఉంది.

"అన్నా, ఆ ఏడాది సభలో నువ్వు నన్నొక మాటన్నావు. గుర్తుందా?"

"ఏ మాటరా?"

చెప్పాను. ఎనభై ఏళ్ళవాడు, కళ్ళు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాడు.

"అన్నానా? అనే ఉంటాను. గుర్తులేదురా." అంతలో నవ్వొచ్చిందాయనకి. "చంక దురదా! బాగుంది."

"బాగుందా? నీ మాట వల్లే నేను చెయ్యి దించేశాను."

అప్పుడు నవ్వు ఆపి నావైపు చూశాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఎత్తాలనుంటే ఎత్తాల్సిందిరా. నేను నీ చెయ్యి పట్టుకున్నానా?"

పట్టుకోలేదు. నిజమే. ఆయన మాట ముప్పైమూడేళ్ళుగా నాలో ఉంది, ఆయనలో ఒక్కరోజు కూడా లేదు. వచ్చేటప్పుడు, తన మనవరాలు ఊరి సంఘంలో సభ్యురాలైందని నాకు రెండుసార్లు చెప్పాడు. "ఆ పిల్ల మాట్లాడితే ఎవడూ కిక్కురుమనడు" అని మురిసిపోయాడు. పాపం, అందులో ఆయనకు వింతేమీ కనబడలేదు.

ప్రిస్కా, నీ తరగతి పిల్లలంతా "మేమైనా ఎత్తేవాళ్ళమే" అన్నారని నువ్వు సంతోషంగా రాశావు. అది చదివి నాకు దిగులేసింది. సభ ముందురోజు దాకా నేనూ అలాగే అనుకున్నాను. నీ అబ్బాయిలు బల్లలు ఎందుకు తుడవరో నాకు తెలుసు. పని కష్టమై కాదు. వాళ్ళల్లో ఒకడికైనా తుడవాలనే ఉంటుంది, గుడ్డ దాకా చెయ్యి పోతుంది కూడా. పక్కవాడు ఒక్క మాట అంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. ఆ గుడ్డ అక్కడే ఉండిపోతుంది. మర్నాటి నుంచి వాడే ఇంకొకడిని చూసి నవ్వుతాడు. ఇది వాళ్ళకు నువ్వు చెప్పే నాన్న చెప్పలేడు, ఆయనకిది తెలీదు. నాకు తెలుసు.

ఎలోడీ అడిగిందానికి జవాబు కూడా నా దగ్గరే ఉంది. భయం వేసింది. ఎవరో కొడతారని కాదు, ఏదో పోతుందని కాదు. నలుగురు నవ్వుతారని. అంతే. చెబితే ఎంత చిన్నదిగా ఉందో చూడు. ఆ పిల్ల సరైన ప్రశ్నే అడిగింది, మనమే తప్పు జవాబిచ్చాం.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రావాలి. నీ చిన్నప్పటి మంచిరోజుల్లో ఒకదాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఇన్నేళ్ళు నమ్మి చెప్పిన మాటను నీ చేతే అబద్ధం చేయిస్తున్నాను. ఎంతకాలం కావాలంటే అంతకాలం కోపంగా ఉండు. నేను రావద్దనుకుంటే ఒక్క ముక్క రాయి, నిన్నేమీ అడగను. కానీ తల్లీ, ఆ పాత కథ మాత్రం ఇంక పిల్లలకు చెప్పకు. నా పరువు కోసం కాదు. అది విన్న పిల్లలు ధైర్యం అనేది పుట్టుకతో కొందరికి ఉంటుందనుకుంటారు, తమకూ ఉందనుకుంటారు. ఆ నమ్మకంతో వలయంలో నిలబడితే ఏమవుతుందో నేను చూశాను.

రమ్మంటే, ఇరవై ఒకటిన పొద్దున బండికి వస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది. నేను పిల్లల ముందు ఏదైనా మింగేస్తే పక్కనుంచి అందిస్తుందట. మీ బడి మెట్లు తన మోకాలికి ఒక లెక్క కాదట.

మాటలు సరిగా రావేమోనని, మొదట చెప్పాల్సిన రెండు ముక్కలు వేరే కాగితం మీద రాసుకున్నాను. "నా పేరు ఎమిల్. మీ టీచరుకూ వాళ్ళమ్మకూ ఓటు వద్దని చెయ్యెత్తినవాళ్ళలో నేనొకణ్ణి" అని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పెన్సిల్ తీసుకుని 'వాళ్ళలో నేనొకణ్ణి' అన్నచోట గీత కొట్టింది.

"మిగతావాళ్ళని ఎందుకు తీసుకెళ్తావు? అక్కడికి వెళ్ళేది నువ్వొక్కడివే" అంది.

దిద్ది మళ్ళీ రాశాను. ఇప్పుడిలా ఉంది.

నా పేరు ఎమిల్. మీ టీచరుకూ వాళ్ళమ్మకూ ఓటు వద్దని చెయ్యెత్తింది నేను.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా తీసుకునే
మీ నాన్న